ఖర్జూరం వేసిన పప్పు

మొన్నామధ్య మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో భోజనాల దగ్గర అరబ్బు వంటకాలంటూ ఒక బల్ల విడిగా పెట్టారు. తెల్ల టోపీ పెట్టుకున్న వంటాయన గుండ్రటి రొట్టెలు పెనం మీద వెచ్చబెట్టి పళ్ళేల్లో వేస్తున్నాడు. జనం వరసలో నిలబడి మరీ వేయించుకుంటున్నారు. నా పళ్ళెంలో పడ్డదాన్ని తుంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కాలిన మైదా వాసన, దాని వెనకే కాస్త పులిసిన వాసన.

"ఖుబూసే ఇది" అన్నాను పైకే.

పక్కనున్నావిడ ఆసక్తిగా చూసి, "మీకు తెలుసా అండీ? బాగా ఖరీదు ఉంటుందటగా?" అంది.

నాకు నవ్వాగలేదు. మా చిన్నతనంలో మస్కట్‌లో ఖుబూస్ కంటే చవకైన తిండి ఇంకోటి ఉండేది కాదు. ఒక ఏడాది, ఎండాకాలం చివర నుంచి చలికాలం దాకా మా ఇల్లు సగం దాని మీదే నడిచింది. ఆవిడకి అదంతా ఏం చెప్పను? చెప్పడం మొదలుపెడితే వెనకున్న వరస కదలదు. ఓ మూల కుర్చీలో కూర్చున్నాను గానీ మనసు మాత్రం మస్కట్‌లో మేమున్న హమ్రియా పేటలో మెట్లెక్కడం మొదలుపెట్టింది.

హమ్రియాలో మాది పాత బిల్డింగు. పై అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు. ఆ మెట్లెక్కుతుంటే ఏ గుమ్మం ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. కింద మలయాళీ వాళ్ళ కొబ్బరినూనె వాసన, మధ్యలో బెలూచీ కుటుంబం వాళ్ళ ఎండు నిమ్మకాయల పులుసు, వాళ్ళే సాయంత్రం వేసే సాంబ్రాణి పొగ, మా గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఇంగువ పోపు. కిటికీ ఏసీ కింద బకెట్ పెట్టి, అందులో పడ్డ నీళ్ళతో అమ్మ గచ్చు తుడిచేది. ట్యాంకరు వచ్చి డాబా మీది తొట్టి నింపేదాకా మంచినీళ్ళు పొదుపుగా వాడుకోవాలి. ఆ ట్యాంకరు హారన్ వినిపిస్తే మా తమ్ముడు పండగొచ్చినట్టు గంతులేసేవాడు.

నాన్న ఒక చిన్న కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్సిళ్ళు, గోళ్ళ కింద ఎప్పుడూ నల్ల సిరా. మాది గోదావరి పక్క. నేను అయిదో క్లాసు, తమ్ముడు రెండో క్లాసు, చెల్లి ఇంకా బడికి వెళ్ళేది కాదు. ఆ ఏడాది నాన్నని దూరంగా ఎడారి వైపు బహ్లా అనే ఊళ్ళో సైట్ మీదికి పంపారు. శనివారం తెల్లారగట్ల కంపెనీ పికప్‌లో వెళ్ళి గురువారం సాయంత్రం వచ్చేవాడు. వెళ్ళిన కొత్తలోనే జీతాలు ఆగిపోయాయి. "అర్బాబ్‌కి బిల్లులు రావాలిట. రాగానే అందరికీ ఒకేసారి ఇచ్చేస్తాడట" అనేవాడు నాన్న. అర్బాబ్ అంటే యజమాని. నేనాయన్ని ఎప్పుడూ చూడలేదు గానీ, ప్రతి గురువారం మా ఇంట్లో ఆయన పేరెత్తని భోజనం ఉండేది కాదు.

పిల్లలకి ముందు తెలిసేది కంచంలోనే. మొదట యాపిల్ పళ్ళు మాయమయ్యాయి. తర్వాత పొద్దున్న పాలలో వేసుకునే చాక్లెట్ పొడి. తర్వాత పాలే పల్చబడ్డాయి. పాలపొడి డబ్బాలో చెంచా అడుగుకి తగులుతున్న చప్పుడు నాకిప్పటికీ గుర్తే. అమ్మ మాత్రం ఏదీ తగ్గిందని ఒప్పుకునేది కాదు. కొత్త వంటకం కనిపెట్టానంటూ వచ్చేది. మిగిలి గట్టిపడిన ఖుబూస్‌లని తుంచి, నీళ్ళు చిలకరించి, ఆవాలు, ఉల్లిపాయ, పసుపు, వేరుశనగ పప్పులతో పోపు వేసి ఉప్మాలా కలిపేది. మా తమ్ముడు దానికి 'రొట్టె పులావ్' అని పేరు పెట్టాడు. నేను టిఫిన్ డబ్బా మూత సగమే తెరిచి ఎవరికీ కనపడకుండా తినేదాన్ని. వాడు మాత్రం మూత తీసి అందరికీ చూపించి, "మా అమ్మ తప్ప ఇది ఎవరికీ రాదు" అని చెప్పి, పక్క పిల్లాడి మూడుమూలల చీజ్ ముక్కకి సగం డబ్బా మార్చుకుని వచ్చేవాడు. రెండోవారానికి వాడి క్లాసులో రొట్టె పులావ్‌కి గిరాకీ పెరిగింది. "కాస్త ఎక్కువ పెట్టమ్మా, ఇవాళ జామ్ బిస్కెట్లు ఇస్తామన్నారు" అని వాడు అడిగిన రోజున అమ్మ నవ్వలేక గోడ పట్టుకుంది.

కూరగాయల కొట్లో జనం ముల్లంగి కొని ఆకు అక్కడే తుంచి పారేసేవాళ్ళు. అమ్మ ఆ ఆకంతా ఏరి సంచిలో వేసుకునేది. ఒకరోజు కొట్టతను చూసి, "బెహన్‌జీ, ఘర్ మే బకరీ హై క్యా?" అని అడిగాడు. ఇంట్లో మేక ఉందా అని. అమ్మ మమ్మల్ని ముగ్గుర్నీ చూపించి, "తీన్ హై" అంది. చెల్లి వెంటనే మే మే అని అరిచింది. అతను పడీ పడీ నవ్వి, ఆ రోజు నుంచి ముల్లంగి ఆకు, కాలీఫ్లవర్ కాడలు విడిగా కట్టి ఉంచేవాడు.

శుక్రవారం మధ్యాహ్నం మత్రా చేపల బజారుకి నాన్నతో మేమూ వెళ్ళేవాళ్ళం. పొద్దున్నే వెళ్తే వంజరం దొరుకుతుంది. మేం కావాలనే బజారు ఎత్తేసే వేళకి వెళ్ళేవాళ్ళం. అప్పటికి కవళ్ళలాంటి చిన్న చవక చేపలే మిగిలేవి. గడ్డమున్న ముసలాయన ఒకరు చేపలు కోసే బండ కడుక్కుంటూ మమ్మల్ని చూసి నవ్వి, ఉన్నవన్నీ సంచిలోకి తోసేసేవాడు. ఆ సాయంత్రం బిల్డింగంతా మా పులుసు వాసనే.

ఇలా రెండు నెలలు గడిచాక, ఒక గురువారం నాన్న అన్నం తినకుండా కంచంలో వేళ్ళు కదుపుతూ అన్నాడు.

"నువ్వు పిల్లల్ని తీసుకుని మీ అమ్మగారింటికి వెళ్ళిపో. జీతాలు రాగానే పిలిపిస్తాను."

అమ్మ పచ్చడి వడ్డిస్తూ ఆగింది. "పిలిపించడమంటే మళ్ళీ వీసా, మళ్ళీ స్కూల్లో సీట్లు. ఆ కంపెనీయే ఉంటుందో లేదో తెలీదు, పిలిపిస్తారట!"

"మరి ఇక్కడేం పెడతావు వీళ్ళకి?"

"అక్కడికెళ్తే మాత్రం గాలి భోంచేస్తారా? అక్కడ పెట్టేదేదో ఇక్కడే పెడతాను. మీరొక్కరూ ఆ ఎడారిలో, మేమక్కడ. నాకొద్దు ఆ బతుకు."

నాన్న కంచం పక్కకి జరిపాడు. "ఈ నెల చూద్దాం. ఆ తర్వాత మాత్రం టికెట్లే" అన్నాడు. నేనూ తమ్ముడూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. మా అమ్మమ్మంటే మాకు ప్రాణమే. కానీ నాన్న లేకుండా వెళ్ళడమనే మాట ఆ రోజే మొదటిసారి విన్నాం.

ఆ తర్వాతి సోమవారం సాయంత్రం మెట్ల మీదికి నల్లటి పొగ వచ్చింది. ఏదో అంటుకుందనుకుని అమ్మ చెల్లిని చంకనేసుకుని, నన్నూ తమ్ముణ్ణీ లాక్కుని కిందికి పరుగెత్తింది. పొగ మొదటి అంతస్తులో మేస్త్రీ పనివాళ్ళు ఉండే రూమ్‌లోంచి వస్తోంది. ఆరుగురు మనుషులు, అందరూ కరీంనగర్ వైపు వాళ్ళు. లోపల బారెడు మీసాలున్న ఒక భారీ మనిషి మాడిపోయిన కుక్కర్ ముందు గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళల్లో పొగో, కన్నీళ్ళో తెలీదు.

"ఏం వండుతున్నారండీ?" అంది అమ్మ.

"పప్పే అక్కా. నాకేం ఎరుక, గిది ఇట్లయితదని! మాకు వండెటాయన ఇంటికి వోయిండు. వారం సంది రొట్టె, పెరుగు తిని సచ్చిపోతున్నం. ఇయ్యాల నా వంతని కూసోబెట్టిండ్రు."

అమ్మ ఆ కుక్కర్ అందుకుంది. గంటలో పైనుంచి పప్పు, అన్నం, ముల్లంగి ఆకు వేపుడు కిందికి వెళ్ళాయి. ఖాళీ గిన్నెలు తోమి తిరిగొచ్చాయి. మర్నాడు సాయంత్రం వాళ్ళలో పెద్దాయన, మిగతావాళ్ళంతా పెద్దన్న అని పిలిచే మేస్త్రీ, మా గుమ్మం బయట చెప్పులు విప్పి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"చెల్లె, ఒక్క మాట. మేం ఆరుగురం. డ్యూటీ నుంచి వచ్చేసరికి పానం పోతది. సామాన్ మేం తెచ్చిస్తం, నువ్వు రాత్రి బువ్వ వండిస్తవా? ఎంత ఇయ్యమంటే అంత ఇస్తం."

అమ్మ ఒక్క క్షణమే ఆలోచించింది. అది నేను పక్కనుండి చూశాను. "డబ్బులొద్దు అన్నయ్యగారూ. సామాన్లు మీవి, చెయ్యి నాది. నేనూ నా పిల్లలూ అదే గిన్నెలో తింటాం. శుక్రవారం మాత్రం నాకు సెలవు. సరేనా?"

"గంతేనా? పిల్లలు తినుడు ఒక లెక్కనా?" అన్నాడాయన.

"లెక్కే. ముందే చెప్పాలి కదా" అంది అమ్మ.

తలుపు వేశాక మా వైపు తిరిగి, "నాన్నకి నేను చెప్తాను. నేను చెప్పేదాకా మీరెవరూ నోరెత్తకండి" అంది. ఆ చెప్పడం వారాల తరబడి వాయిదా పడుతూనే వచ్చింది. గురువారాలు నాన్న వచ్చేలోగా క్యారియర్లు కిందికి పంపేసి, వాళ్ళ సామాన్లు మంచం కింద దాచేసేది. నాన్నకి జీతం రాకపోవడం కంటే, కూలిపని చేసేవాళ్ళ బియ్యంతో తన పిల్లలు తింటున్నారని తెలియడమే ఎక్కువ నొప్పి అని ఆవిడకి తెలుసు.

మా వంటింటికి మళ్ళీ కళ వచ్చింది. బియ్యం బస్తా వచ్చి మూల కూర్చుంది. ఇంత పెద్ద ఉల్లిపాయల సంచి, కందిపప్పు, వారానికి రెండుసార్లు కోడి. అంత వంట మా వంటింట్లో అంతకుముందెప్పుడూ కాలేదు. అమ్మకి ఒక పద్ధతి ఉండేది. ఆరుగురికీ క్యారియర్లు సర్దాక మా నాలుగు కంచాలూ వరసగా నేలమీద పెట్టి, అన్నిట్లోనూ సమానంగా వడ్డించేది, తన కంచంతో సహా. కోడికూరలో ముక్కలు కూడా అంతే. కథల్లో అమ్మల్లాగా 'నాకు ఆకలి లేదు, మీరు తినండి' అన్న మాట మా అమ్మ నోట నేను వినలేదు. తమ్ముడు ఇంకో ముక్క అడిగితే, "నా ముక్క నాది. పది మందికి వండేదాన్ని, నాకు బలం ఉండక్కర్లేదా?" అని వాడి ఎదురుగానే నమిలి తినేది. వాడు ఏడుపు మొహం పెడితే ఆ ఎముక చీకమని ఇచ్చేది. అప్పుడు మాకది పిసినారితనంలా అనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఇంట్లో తిండికి కొదవ ఉందన్న భయం మా ముగ్గురికీ కలక్కపోవడానికి కారణం అదేనేమో. అమ్మ కడుపునిండా తింటోందంటే ఇంట్లో అన్నీ సరిగ్గానే ఉన్నట్టే కదా!

చక్కెర, బెల్లం మాత్రం వాళ్ళ సామాన్లలో ఉండేవి కావు. మా గోదావరి వాళ్ళకి పప్పుచారులో రవ్వంత తీపి పడకపోతే ముద్ద దిగదు. అయితే బహ్లాలో సైట్ పక్క తోటాయన నాన్నకి ప్రతివారం ఒక సంచి ఖర్జూరాలు ఇచ్చేవాడు. ఇంట్లో ఏ డబ్బా తెరిచినా అవే. అమ్మ వాటిని నానబెట్టి, పిసికి, ఆ గుజ్జు పప్పుచారులో వేసింది. ఆ సాయంత్రం మీసాలాయన క్యారియర్ తిరిగి ఇస్తూ నసిగాడు.

"అక్కా, తప్పుగ అనుకోకు. పప్పుల ఏమన్న పడ్డదా?"

"ఏం పడింది?"

"తియ్యగున్నది. పెద్దన్నకు ఖర్జూరం తోలు పంటికింద తగిలింది."

"పడలేదండీ, వేశాను. మా వైపు అలాగే తింటాం."

అతను తల గోక్కుంటూ, "పప్పుల ఖర్జూరమా! మా ఇంటిదానికి జాబు రాస్తే నమ్మది" అని వెళ్ళాడు. మర్నాడు అమ్మ ఖర్జూరం మానేసి, వాళ్ళకని ఎండుమిరపకాయలు దంచి పోసింది. ఆ పప్పు తిని మేం నాలుకలు బయటపెట్టి గదంతా పరుగెత్తాం. ఇక తర్వాత రోజుకో పక్షం. ఒకరోజు వాళ్ళ కారం, ఒకరోజు మా తీపి. చలికాలం వచ్చేసరికి తీపి పప్పు రోజున పెద్దన్న ఇంకాస్త కావాలని రెండో గిన్నె పంపడం మొదలుపెట్టాడు.

ఒక గురువారం నాన్న పికప్ ఎందుకో ముందే బయల్దేరింది. అయిదింటికే తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. స్టవ్ మీద పది మందికి సరిపడా అన్నం ఉడుకుతోంది.

"ఎవరైనా వస్తున్నారా?" అన్నాడు.

అమ్మ నోరు తెరిచేలోగా గుమ్మం దగ్గర మీసాలాయన. "అక్కా, నిన్నటి కోడికూర మస్తుండె, ఇయ్యాల..." అంటూనే నాన్నని చూసి ఆగిపోయాడు. "నమస్తే సారు" అన్నాడు.

నాన్న కూడా నమస్తే అన్నాడు. అతని చేతిలో క్యారియర్లు, పొయ్యి మీద అన్నం, మూలన బస్తా, ఒక్కొక్కటే చూశాడు. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. గొంతు తగ్గించలేదు, క్షమించమనీ అనలేదు. నాన్న మొహం ఎర్రబడింది. "వంట అయ్యాక నన్ను పిలువు. నేనే పట్టుకెళ్తాను. వాళ్ళతో మాట్లాడాలి" అని లోపలి గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు.

మేం ముగ్గురం మంచం మీద బొమ్మల్లా కూర్చున్నాం. నాన్న క్యారియర్లు పట్టుకుని దిగి వెళ్ళాక, "ఇప్పుడు టికెట్లు కొనేస్తారా?" అని తమ్ముడు అడిగాడు. అమ్మ మాకు అన్నం పెట్టింది, తనూ పెట్టుకుంది గానీ ఆ రోజు ముద్ద కలుపుతూనే ఉంది, నోట్లో పెట్టుకోలేదు.

గంట గడిచాక మెట్ల మీద అడుగుల చప్పుడు. నాన్న కడిగిన క్యారియర్లు బల్ల మీద పెట్టాడు. చొక్కా మీద కొంచెం పులుసు మరక ఉంది.

"వాళ్ళకి అన్నం చాలట్లేదు" అన్నాడు. "మొహమాటపడి నీకు చెప్పట్లేదు. ఎల్లుండి నుంచి ఇంకో రెండు గ్లాసులు ఎక్కువ వెయ్యి."

అమ్మ ఆయన్నే చూస్తోంది. "మీకు వడ్డించనా?"

"తినేశాను."

ఏం జరిగిందో తర్వాత పెద్దన్న చెప్పాడు. నాన్న గుమ్మంలోకి వెళ్ళగానే, సారు మనతో తినడానికి వచ్చారనుకుని వాళ్ళు గబగబా కింద పేపర్లు పరిచి, మధ్యలో చోటిచ్చి కూర్చోబెట్టారు. నాన్న ఏదో అనబోయాడు. అప్పటికే కంచంలో అన్నం పడింది. ఒకరు ఊళ్ళో కొడుకు బడి గురించి, ఇంకొకరు వాన పడని పొలం గురించి చెప్పుకొచ్చారు. ఆ ఆరుగురి కంచాల్లో పెళ్ళాం వండిన కూర చూస్తూ నాన్న ఏమనుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. టికెట్ల మాట మాత్రం ఆ తర్వాత ఎత్తలేదు. శుక్రవారం పొద్దున్న పెద్ద గిన్నెలు తోమే పని తన మీద వేసుకున్నాడు. సిరా మరకలు అప్పటిగ్గానీ పోలేదని అమ్మ వేళాకోళం చేసేది.

హమ్రియాలో ఇలాంటివి దాగవు. మా తెలుగువాళ్ళు కలిసినప్పుడు ఒకావిడ, పెద్ద కంపెనీ ఇంజనీరు గారి భార్య, అందరిలోనూ అంది, "పనివాళ్ళకి వండి పెడుతున్నారటగా మీరు?"

"అవునండీ" అంది అమ్మ. "ఎండలో పని చేసొచ్చేవాళ్ళు కదా, బాగా తింటారు. వండినదానికి ఆ మాత్రం సంతోషం ఉండాలి."

ఇంటికొచ్చేదారిలో అమ్మ మాత్రం చెల్లి చెయ్యి మామూలు కంటే గట్టిగా పట్టుకుని నడిచింది.

చలికాలంలో నాన్న కంపెనీ మూతపడింది. రావలసిన జీతంలో కొంత వచ్చింది, కొంత ఎప్పటికీ రాలేదు. అదృష్టం కొద్దీ అల్ మవాలేలో ఒక ట్రేడింగ్ ఆఫీసులో నాన్నకి ఉద్యోగం దొరికింది. ఆ దగ్గర్లోనే ఇల్లు. హమ్రియా వదిలి వెళ్ళాలి. ఈలోగా రూమ్‌లో వంటాయన సెలవు ముగించుకుని తిరిగొచ్చాడు.

వెళ్ళేముందు శుక్రవారం మధ్యాహ్నం మమ్మల్ని కిందికి భోజనానికి పిలిచారు. అమ్మ అలవాటుగా చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని వంట దగ్గరికి నడిచింది. పెద్దన్న అడ్డం వచ్చాడు.

"నువ్వు కూసో చెల్లె. ఇయ్యాల నీకు పని లేదు."

రూమ్ కడిగి అగరొత్తులు వెలిగించారు. నేల మీద కొత్త దుప్పటి, దాని మీద పేపర్లు. బగారా అన్నం, మటన్ కూర. అందరికంటే ముందు అమ్మ కంచంలో వడ్డించారు. అమ్మకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. మాటిమాటికీ లేవబోయి, గిన్నె అందుకోబోయి మళ్ళీ కూర్చునేది. కూర కారానికి తమ్ముడి కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నా వాడు తినడం ఆపలేదు. మీసాలాయన గ్లాసుతో మజ్జిగ పట్టుకుని వాడి పక్కనే కూర్చున్నాడు. నాన్న, పెద్దన్న ఏదో బిల్డింగు గురించి వాదించుకుంటున్నారు. అమ్మ తలవంచుకుని తింటోంది. కంచం ఖాళీ అయ్యాక, ఎవరూ అడక్కుండానే, "ఇంకొంచెం కూర వేస్తారా?" అంది. ఆ మాటకి వంటాయనతో కలిపి ఏడుగురూ ఒకేసారి గరిటె కోసం లేచారు.

వాళ్ళని మళ్ళీ చూడలేదు. అప్పట్లో సెల్ ఫోన్లు లేవు, అడ్రసులు రాసుకోవాలన్న ఆలోచనా రాలేదు. కొన్నాళ్ళకి నాన్న ఆ వైపు వెళ్తే, రూమ్‌లో వేరే మనుషులున్నారట. నాన్న పోయి కొన్నేళ్ళయింది. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది.

పెళ్ళి నుంచి వచ్చిన రోజు ఆవిడ పక్కన కూర్చుని, "అమ్మా, హమ్రియాలో ఆ ఏడాది నీకు భయం వేయలేదా?" అని అడిగాను. ఆగిన జీతాలు, టికెట్లు, ఆ ఇంజనీరు గారి భార్య, ఏదీ చెప్పలేదు.

"వెళ్ళేముందు కింద రూమ్‌లో భోజనం పెట్టారు చూడు," అంది, "ఆ మటన్‌లో ఉప్పు ఎక్కువైంది. పాపం, వాళ్ళకి చెప్పలేదు."

"మరి రెండోసారి ఎందుకు పెట్టించుకున్నావు?"

"పెట్టించుకోనా? ఒకళ్ళు వండి, కూర్చోబెట్టి వడ్డిస్తే తిని ఎన్నాళ్ళైందప్పటికి!" అంది అమ్మ.